మార్క్ బ్లోక్: ఒక మధ్యయుగ చరిత్రకారుడి ఉద్యోగ జీవితం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మార్క్ బ్లోక్ పేరు ఎత్తగానే రెండే సంగతులు చెబుతారు: 'అనాల్' పత్రిక పెట్టాడని, జర్మన్లు కాల్చి చంపారని. రెండూ నిజమే. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం, ఉద్యోగాలకు అప్లై చేయడం, రాకపోతే మళ్లీ అప్లై చేయడం, ఈ మధ్యలోనే పుస్తకాలు రాయడం. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ మామూలు రోజుల్లోనే ఉంది. హిస్టరీ ఎంఏ చదివేవాళ్లు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతుంటే అన్నీ ఒకచోట పెడదామని ఇది రాశాను. వరసగానే చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చదువుకునే రోజులు

ఇంతకీ మార్క్ బ్లోక్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

ఫ్రాన్స్‌కు చెందిన మధ్యయుగ చరిత్రకారుడు. 1886 జులై 6న లియోన్‌లో పుట్టాడు, 1944 జూన్ 16న చనిపోయాడు. స్ట్రాస్‌బర్గ్‌లోనూ తర్వాత పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలోనూ ప్రొఫెసర్‌గా చేశాడు. రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు మాత్రమే చరిత్ర అనుకునే కాలంలో పొలం ఆకారం, నాగలి, మర, జనం నమ్మకాలు, పుకార్లు కూడా చరిత్రేనని రాసి చూపించినవాడు.

వాళ్ల నాన్న కూడా ప్రొఫెసరే కదా, అన్నీ అమిరిపోయాయా?

కొంతవరకు అవును. తండ్రి గుస్తావ్ బ్లోక్ ప్రాచీన రోమ్ చరిత్రలో పేరున్న పండితుడు. ఇంటి నిండా పుస్తకాలు, వచ్చేపోయేవాళ్లంతా చదువుకున్నవాళ్లు. పారిస్‌లోని లూయీ ల గ్రాన్ లాంటి పెద్ద స్కూల్లో చదువు, ఆ తర్వాత 1904లో ఎకోల్ నార్మాల్ సుపీరియర్‌లో సీటు. అప్పట్లో ఫ్రాన్స్‌లో మేధావి వర్గంలోకి వెళ్లే రాజమార్గం అదే.

అయితే కుటుంబం సంగతి ఇంకోటి చెప్పాలి. వాళ్లది అల్సాస్ ప్రాంతపు యూదు కుటుంబం. ముత్తాత 1793లో విప్లవ సైన్యంలో సిపాయి. తండ్రి 1870లో, అల్సాస్‌లోని స్ట్రాస్‌బర్గ్‌ను జర్మన్లు ముట్టడించినప్పుడు, ఊరిని కాపాడటానికి పోరాడాడు. తర్వాత అల్సాస్ జర్మనీ చేతికి పోయింది. ఇవన్నీ తెలిస్తే తప్ప, ఆయన స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగానికి ఎందుకు అంత విలువ ఇచ్చాడో, రెండు యుద్ధాలకు ఎందుకు వెళ్లాడో పూర్తిగా అర్థం కాదు.

అగ్రెగసియోన్ పాసయ్యాడని రాస్తారు. అది పీహెచ్‌డీయా?

కాదు. అది స్కూళ్లలో పై తరగతులకు చెప్పే అధ్యాపకుల కోసం ప్రభుత్వం పెట్టే పోటీ పరీక్ష. మన జూనియర్ లెక్చరర్ పరీక్ష లాంటిది అనుకోండి, కాకపోతే దాని గౌరవం చాలా ఎక్కువ, పరీక్షకులు చాలా కఠినంగా ఉంటారు, పోస్టులు ఎన్నుంటే అంతమందే పాసవుతారు. బ్లోక్ 1908లో పాసయ్యాడు. డాక్టరేట్ దీనికి పూర్తిగా వేరు, అది ఆయనకు ఇంకో పన్నెండేళ్లకు గానీ రాలేదు. ఫ్రాన్స్‌లో ఈ పరీక్ష ఇప్పటికీ ఉంది, చరిత్రలో యూనివర్సిటీ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఇప్పటికీ ముందు దాన్ని రాస్తూనే ఉంటారు.

ఫ్రెంచి చరిత్ర చదవడానికి జర్మనీ ఎందుకు వెళ్లాడు?

ఆ రోజుల్లో చరిత్ర రాసే పద్ధతిని నేర్పే బడి జర్మనీయే. మధ్యయుగ పత్రాలను సేకరించి, ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చి, అచ్చు వేసే పనిని వాళ్లు 1819 నుంచే ఒక పెద్ద జాతీయ ప్రాజెక్టుగా, 'మోనుమెంటా జర్మానియె హిస్టోరికా' పేరుతో చేస్తున్నారు. బ్లోక్ 1908–09లో బెర్లిన్, లైప్‌జిగ్‌లలో చదివాడు. అక్కడి ఆర్థిక చరిత్ర, గ్రామాల స్వరూపం మీద జరిగే పని ఆయన్ను బాగా ఆకట్టుకుంది. ఆ తర్వాత జీవితాంతం జర్మన్ పుస్తకాలను వరసగా చదువుతూ, సమీక్షిస్తూ ఉన్నాడు. నచ్చనివాటిని, ముఖ్యంగా జాతి గొప్పల చుట్టూ తిరిగేవాటిని, గట్టిగానే విమర్శించాడు. ఒక దేశంతో యుద్ధం చేసి కూడా ఆ దేశపు పుస్తకాలను శ్రద్ధగా చదవడం చిన్న విషయం కాదు.

మధ్యయుగ యూరప్ మీద పని చేయాలంటే లాటిన్ రావాల్సిందేనా?

రావాల్సిందే, దీనికి షార్ట్‌కట్ లేదు. భూమి దస్తావేజులు, మఠాల లెక్కలు, కోర్టు తీర్పులు, చర్చి ఉత్తరాలు, ఎక్కువ భాగం లాటిన్‌లోనే ఉన్నాయి. అదీ పాఠ్యపుస్తకంలోని లాటిన్ కాదు, సగం సగం అక్షరాలతో కుదించి రాసిన చేతిరాత. ఆ రాత చదవడమే ఒక ప్రత్యేక విద్య. దానికి తోడు ఆ ప్రాంతపు పాత భాష, ఆ తర్వాత పరిశోధనలు చదవడానికి ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీష్, వీలైతే ఇటాలియన్. బ్లోక్‌కు ఇవన్నీ వచ్చు. ఈ రంగంలో భాషలే సగం చదువు. మన దగ్గర శాసనాల మీద పని చేసేవాళ్లకు పాత తెలుగు, సంస్కృతం, కన్నడం కావాలి కదా, అక్కడా అంతే.

## మొదటి ఉద్యోగం, మొదటి యుద్ధం

ఇంత చదివి స్కూల్ మాస్టారుగా చేరాడా?

చేరాడు. 1909 నుంచి 1912 దాకా పారిస్‌లో ఫోండసియోన్ తియెర్ అనే సంస్థ ఇచ్చిన ఫెలోషిప్‌తో పరిశోధన చేశాడు. అది అయిపోగానే 1912లో మోంపెలియెలో, 1913లో ఆమియెన్‌లో ప్రభుత్వ స్కూళ్లలో పాఠాలు చెప్పాడు. అప్పటి ఫ్రాన్స్‌లో ఇది తక్కువ పని కాదు, దాదాపు ప్రతి ప్రొఫెసరూ ఆ దారిలోనే పైకి వచ్చాడు.

ఆమియెన్‌లో 1914 జులైలో, స్కూల్ బహుమతుల రోజున, పిల్లలకు ఆయన ఇచ్చిన ఉపన్యాసం దొరుకుతుంది. విషయం ఏమిటంటే సాక్ష్యాన్ని ఎలా పరీక్షించాలి. కేసు విచారించే మేజిస్ట్రేట్‌లాగే చరిత్రకారుడు కూడా తాను చూడని సంఘటన గురించి వేరేవాళ్లు చెప్పింది వింటాడు, వాళ్లు పొరబడొచ్చు, అబద్ధం చెప్పొచ్చు, కాబట్టి ఒకరి మాటను ఇంకొకరి మాటతో పోల్చి చూడాలి అని. స్కూలు పిల్లల ముందు ఇంత బరువైన విషయం ఇంత స్పష్టంగా చెప్పిన మాస్టారు అంటే నాకు చాలా గౌరవం. కొన్ని వారాల్లోనే యుద్ధం మొదలైంది.

యుద్ధంలో నాలుగేళ్లు పోయాయి కదా, కెరీర్ దెబ్బతినలేదా?

టైమ్ పరంగా దెబ్బే. సార్జెంట్‌గా వెళ్లి కెప్టెన్‌గా తిరిగొచ్చాడు. మధ్యలో 1915లో టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్లాడు. శౌర్యానికి క్రువా ద గెర్ పతకం, లెజియోన్ దొనోర్ అనే ప్రభుత్వ గౌరవం వచ్చాయి.

కానీ ఆ నాలుగేళ్లు ఆయనకు ఒక ప్రయోగశాల అయ్యాయి. కందకాల్లో వార్తాపత్రికల్ని ఎవరూ నమ్మరు, నోటిమాటే వార్త. అంటే సైనికులు దాదాపు మధ్యయుగపు మనుషుల్లా బతుకుతున్నారు అని ఆయన గమనించాడు. 1921లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఉదాహరణ: 1917లో ఫ్రెంచి సైన్యానికి ఒక జర్మన్ సైనికుడు పట్టుబడ్డాడు, అతనిది బ్రెమెన్ నగరం. ఫ్రెంచిలో ఆ పేరు 'బ్రెమ్' అవుతుంది. పక్కనే 'బ్రెన్' అనే ఫ్రెంచి ఊరు ఉంది. ఇంకేముంది, ఇతను యుద్ధానికి ముందు నుంచే బ్రెన్‌లో మకాం పెట్టిన గూఢచారి అని పుకారు పాకిపోయింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. జర్మన్ గూఢచారులు అంతటా ఉన్నారని అందరి మనసులోనూ ముందే ఉంది, కాబట్టి చెవి ఆ పేరును అలా విన్నది. పుకారు పుట్టేది జనం ముందే నమ్మడానికి సిద్ధంగా ఉన్న చోట అని ఆయన చెప్పింది ఈరోజు ఫోన్లో ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌లకు కూడా అక్షరాలా సరిపోతుంది.

థీసిస్ చిన్నది ఇచ్చి డాక్టరేట్ తెచ్చుకున్నాడంటారు, నిజమేనా?

నిజమే, అందులో తప్పేమీ లేదు. అప్పటి ఫ్రెంచి డాక్టరేట్‌కు వందల పేజీల పెద్ద థీసిస్ ఒకటి, దానికి తోడు ఇంకో చిన్నది కావాలి, పదేళ్లు పట్టడం మామూలే. యుద్ధంలో ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు తగ్గించిన థీసిస్ ఇచ్చే వెసులుబాటు కల్పించారు. బ్లోక్ 1920లో 'రాజులు, సెర్ఫ్‌లు' అనే థీసిస్ ఇచ్చాడు. సెర్ఫ్ అంటే భూస్వామికి కట్టుబడి, స్వేచ్ఛ లేకుండా బతికే రైతు. ఫ్రాన్స్ రాజులు 1315లో పదో లూయీ, 1318లో ఐదో ఫిలిప్ సెర్ఫ్‌లను విడుదల చేస్తూ ఇచ్చిన ఆజ్ఞలను పాఠ్యపుస్తకాలు స్వేచ్ఛా ప్రకటనలుగా పొగిడేవి. బ్లోక్ పత్రాలు చూసి తేల్చిందేమిటంటే, రాజుకు డబ్బు కావాలి, సెర్ఫ్‌లు స్వేచ్ఛ కొనుక్కోవాలి. మొదటి పుస్తకంలోనే ఘనమైన మాట వెనక ఉన్న లెక్కను బయటికి తీశాడు.

## స్ట్రాస్‌బర్గ్ ఏళ్లు

పారిస్ వదిలి సరిహద్దు ఊరికి ఎందుకు వెళ్లాడు?

1919లో స్ట్రాస్‌బర్గ్ మామూలు సరిహద్దు ఊరు కాదు. యాభై ఏళ్ల తర్వాత జర్మనీ నుంచి ఫ్రాన్స్‌కు తిరిగొచ్చిన నగరం. అక్కడి యూనివర్సిటీని ఫ్రాన్స్ గొప్పగా చూపించుకోవాలనుకుంది, అందుకే చురుకైన యువ అధ్యాపకుల్ని ఏరి పంపింది. జర్మన్లు కట్టి వదిలిన గ్రంథాలయం యూరప్‌లోని పెద్ద గ్రంథాలయాల్లో ఒకటి. ఆ ఏడాదే సిమోన్ విదాల్‌తో పెళ్లి కూడా అయింది.

అన్నిటికంటే ముఖ్యం తోటివాళ్లు. లూసియెన్ ఫెవ్ర్ అనే చరిత్రకారుడి గది పక్కనే. సామాజిక శాస్త్రంలో మోరిస్ ఆల్బ్వాక్స్, మనస్తత్వశాస్త్రంలో షార్ల్ బ్లోండెల్, భూగోళంలో ఆన్రి బోలిగ్. వీళ్లంతా శనివారాలు కలుసుకుని ఒకరి రంగం గురించి ఇంకొకరు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే 'ఇంటర్‌డిసిప్లినరీ' అక్కడ ఒక వారాంతపు అలవాటు. పదిహేడేళ్లు ఉన్నాడు అక్కడ, ఆయన్ను చరిత్రకారుడిగా నిలబెట్టిన పనిలో ఎక్కువ భాగం ఆ ఊళ్లో జరిగిందే. పెద్ద సిటీలో ఉద్యోగం రాకపోతే జీవితం అయిపోయిందని బాధపడే రీసెర్చ్ స్కాలర్లకు నేను ముందు చెప్పేది ఈ సంగతే.

రాజు ముట్టుకుంటే రోగం తగ్గుతుందని ఒక పుస్తకం రాశాడట. అది చరిత్రా, మూఢనమ్మకాల పుస్తకమా?

పూర్తిగా చరిత్రే, నన్నడిగితే ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే సాహసమైనది. 1924లో వచ్చింది, ఇంగ్లీష్‌లో 'ది రాయల్ టచ్'. మెడ దగ్గర గడ్డలు కట్టే గండమాల అనే జబ్బు ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజులు చేత్తో తాకితే నయమవుతుందని జనం వందల ఏళ్లు నమ్మారు. వేలమంది బారులు తీరేవాళ్లు. ఇంగ్లండ్‌లో 1712లో ఆన్ రాణి తాకిన పిల్లల్లో తర్వాతి కాలపు ప్రసిద్ధ నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ కూడా ఉన్నాడు. ఫ్రాన్స్‌లో 1825లో పదో చార్లెస్ పట్టాభిషేకం తర్వాత కూడా ఈ తంతు జరిగింది.

బ్లోక్ అడిగిన ప్రశ్న "నిజంగా తగ్గేదా" అని కాదు. తగ్గనివాళ్లు కళ్లముందు ఉన్నా జనం ఎందుకు నమ్ముతూ పోయారు అన్నది. ఆ జబ్బు ఒక్కోసారి దానంతటదే తగ్గి మళ్లీ వస్తుంది. తగ్గితే రాజు మహిమ, తగ్గకపోతే ఇంకోసారి రావాలి. రాజు దైవాంశ ఉన్నవాడన్న నమ్మకం ముందే ఉంది, అద్భుతం జరగాలని అందరూ ఎదురుచూశారు, కాబట్టి జరిగినట్టే కనిపించింది. రాజకీయ అధికారం జనం మనసులో ఎలా కూర్చుంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆయన అన్న లూయీ డాక్టర్, ఈ పనిలో సాయం చేశాడు, పుస్తకం రాకముందే 1922లో చనిపోయాడు.

అనాల్ పత్రిక ఎందుకు పెట్టారు? అప్పటికే చరిత్ర పత్రికలు లేవా?

ఉన్నాయి, ఎక్కువగా రాజకీయ, దౌత్య చరిత్ర నడిచేది వాటిలో. బ్లోక్, ఫెవ్ర్ ఇద్దరూ కలిసి 1929 జనవరిలో ఆర్థిక, సామాజిక చరిత్ర కోసం ఈ పత్రిక మొదలుపెట్టారు. చరిత్రకారులు, ఆర్థికవేత్తలు, భూగోళవేత్తలు ఎవరి గోడల మధ్య వాళ్లు ఉండకుండా ఒకచోట రాయాలన్నది ఉద్దేశం. ధరలు, పొలం పటాలు, బ్యాంకులు, సోవియట్ వ్యవసాయం, అప్పటి అమెరికా సంక్షోభం, అన్నీ అందులో కనిపిస్తాయి. ఇద్దరూ వందల కొద్దీ సమీక్షలు సొంతంగా రాశారు. పరీక్షల్లో "అనాల్ స్కూల్ లక్షణాలు" అని పాయింట్లు బట్టీ పడతారు గానీ, మొదట్లో అది సిద్ధాంతం కాదు, ఇద్దరు ప్రొఫెసర్లు తీరిక చేసుకుని, పోట్లాడుకుంటూ, కష్టపడి నడిపిన పని.

పొలాల ఆకారం చూసి చరిత్ర ఎలా చెప్పాడు?

1929లో ఓస్లోలో కొన్ని ఉపన్యాసాలిచ్చాడు, అవే 1931లో ఫ్రాన్స్ గ్రామీణ చరిత్ర మీద పుస్తకంగా వచ్చాయి. ఉత్తర ఫ్రాన్స్‌లో పొలాలు గట్లు లేకుండా పొడుగ్గా, సన్నగా ఉంటాయి. దక్షిణాన చతురస్రాల్లా, పొందిక లేకుండా ఉంటాయి. పడమటి వైపు చుట్టూ కంచెలు. ఎందుకిలా? ఉత్తరాన చక్రాలున్న బరువైన నాగలి, దాన్ని తిప్పడం కష్టం కాబట్టి చాలు పొడుగ్గా పోవాలి. దక్షిణాన తేలిక నాగలి. అయితే నాగలి ఒక్కటే కారణమని ఆయన అనలేదు. పంట తర్వాత పొలాన్ని ఊరందరి పశువులకూ వదిలే ఆచారం, ఊరి కట్టుబాటు కూడా కలిస్తేనే ఆ ఆకారం వస్తుంది.

పద్ధతి చూడండి. మధ్యయుగపు పొలాలకు పటాలు లేవు, పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఉన్నాయి. కాబట్టి బాగా తెలిసిన దగ్గరి కాలం నుంచి మొదలుపెట్టి, మారినవాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ వెనక్కి వెళ్లాలి. మన గ్రామ పటాలు, పాత సర్వే రికార్డులు, చెరువుల కింది ఆయకట్టు లెక్కలు దగ్గర పెట్టుకుని ఈ పని తెలుగు నేల మీద కూడా చక్కగా చేయొచ్చు.

తిరగలి కథ ఏదో ఉందట, అదేంటి?

1935లో నీటి మరల మీద ఆయన రాసిన వ్యాసంలోది. నీటితో తిరిగే మర రోమన్ల కాలానికే తెలుసు, కానీ యూరప్‌లో బాగా వ్యాపించింది మధ్యయుగంలో. ఎందుకు అంత ఆలస్యం? బానిసలు దొరికినంత కాలం యంత్రం అవసరం లేదు, అది ఒక కారణం. వ్యాపించాక ఇంకో సంగతి జరిగింది. మర భూస్వామిది. ఊళ్లో వాళ్లంతా అక్కడే పిండి పట్టించుకోవాలి, అందులో అతనికి వాటా ఇవ్వాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుంటే నేరం.

ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే చోట మఠాధిపతి జనం ఇళ్ల నుంచి తిరగళ్లు లాక్కుని, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. 1381 రైతుల తిరుగుబాటులో జనం లోపలికి చొరబడి ఆ నేలను పగలగొట్టి, రాళ్లను ముక్కలు చేసి పంచుకున్నారు. కొత్త యంత్రం వచ్చిందంటే అది ఎవరి చేతిలో ఉంది అని కూడా అడగాలని ఈ ఒక్క ఘటన చెబుతుంది.

క్లాసులో ఎలా ఉండేవాడు?

పెద్దగా నవ్వించే రకం కాదు. మాట నెమ్మది, ప్రమాణాలు చాలా ఎక్కువ, సరిగా తయారుకాని విద్యార్థి ఇబ్బంది పడేవాడు. ఇంట్లో ఆరుగురు పిల్లలు. భార్య సిమోన్ ఆయన రాతప్రతులు చదివి, సరిచూసి, పనిలో పక్కన నిలబడింది. అప్పటి ప్రొఫెసర్ల పుస్తకాల వెనక ఇలాంటి భార్యల శ్రమ చాలా ఉంది, దాని గురించి ఇంకా ఎవరైనా బాగా రాయాలి.

## పారిస్

అంత గొప్పవాడికి కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఉద్యోగం ఎందుకు రాలేదు?

కొలేజ్ ద ఫ్రాన్స్ అంటే డిగ్రీలు, పరీక్షలు లేని సంస్థ. ప్రొఫెసర్ తన పరిశోధన మీద ఎవరైనా వచ్చి వినేలా ఉపన్యాసాలిస్తాడు, అంతే. ఫ్రాన్స్‌లో పరిశోధకుడికి అంతకంటే స్వేచ్ఛ ఉన్న ఉద్యోగం లేదు. బ్లోక్ యూరప్ సమాజాల తులనాత్మక చరిత్ర అనే పీఠం (ప్రొఫెసర్ పదవి) కోసం గట్టిగా ప్రయత్నించాడు. ఫెవ్ర్‌కు అక్కడ 1933లో వచ్చింది, బ్లోక్‌కు రాలేదు.

కారణాలు చాలానే. ఒక పీఠం ఖాళీ అయితే దాన్ని ఏ విషయానికి ఇవ్వాలో ఉన్న ప్రొఫెసర్లే ఓటేసి తేలుస్తారు, కాబట్టి ప్రతి ఖాళీకీ పది రంగాలు పోటీ. ఆర్థిక మాంద్యంలో నిధులూ తగ్గాయి. యూదుల మీద వివక్ష కూడా పని చేసిందని చాలామంది చరిత్రకారులు అంటారు, 1930ల ఫ్రాన్స్ వాతావరణం తెలిసినవాళ్లు దాన్ని కొట్టిపారేయలేరు. చివరికి 1936లో సోర్బాన్‌లో ఆన్రి హౌజర్ రిటైరైన ఆర్థిక చరిత్ర పీఠం వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు.

'ఫ్యూడల్ సొసైటీ'లో అంత కొత్తదనం ఏముంది?

మధ్యయుగ యూరప్ సమాజం మీద ఆయన రాసిన ఈ పుస్తకం రెండు భాగాలుగా 1939, 1940లలో వచ్చింది. అప్పటిదాకా ఫ్యూడలిజం అంటే లాయర్ల విషయం: జాగీరు ఎలా ఇస్తారు, సామంతుడు ఏ ప్రమాణం చేస్తాడు. బ్లోక్ దాన్ని మొత్తం సమాజంగా చూశాడు. వైకింగులు, హంగేరియన్లు, అరబ్బుల దాడులతో మొదలుపెడతాడు. రాజ్యం కాపాడలేనప్పుడు మనిషి తనకంటే బలమైన మనిషి చేయి పట్టుకుంటాడు, ఆ కట్టుబాటే అన్నిటికీ మూలం. రోడ్లు ఎలా ఉండేవి, జనం టైమ్‌ను ఎలా లెక్కపెట్టేవాళ్లు, జ్ఞాపకం ఎలా నిలిచేది, ఇవన్నీ ఉంటాయి. 1050 ప్రాంతం నుంచి జనాభా, వ్యాపారం పెరిగి రెండో దశ మొదలైందని అంటాడు. చివర్లో జపాన్‌తో పోల్చి, ఫ్యూడలిజం యూరప్‌కు మాత్రమే సొంతమా అని అడుగుతాడు.

## మళ్లీ యుద్ధం

53 ఏళ్ల ప్రొఫెసర్, ఆరుగురు పిల్లలు. సైన్యంలోకి ఎందుకు?

వెళ్లక్కర్లేదు, తనంతట తానే వెళ్లాడు. ఫ్రెంచి సైన్యంలో అందరికంటే వయసు పైబడిన కెప్టెన్‌ని నేనే అని రాసుకున్నాడు. ఒక సైన్యం మొత్తానికి పెట్రోల్ సరఫరా చూసే బాధ్యత. 1940లో ఉత్తర ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ రేవు నుంచి ఇంగ్లండ్ వెళ్లి, వెంటనే తిరిగి ఫ్రాన్స్‌కు వచ్చాడు. రెన్ నగరంలో జర్మన్లు వచ్చేసినప్పుడు యూనిఫాం తీసేసి, మామూలు బట్టల్లో, సొంత పేరుతోనే హోటల్లో దిగాడు. ఒక ప్రొఫెసర్‌ను ఎవరూ అనుమానించలేదు. ఆ వేసవిలోనే ఓటమికి కారణాల మీద 'స్ట్రేంజ్ డిఫీట్' రాశాడు. సేనాధిపతులు నిన్నటి యుద్ధాన్ని మనసులో పెట్టుకుని నేటి వేగాన్ని అందుకోలేకపోయారని అంటాడు, తన తరం మేధావులను కూడా వదిలిపెట్టడు. అది 1946లో గానీ అచ్చు కాలేదు.

యూదుడు కాబట్టి ఉద్యోగం తీసేశారా?

1940 అక్టోబర్‌లో విషీ ప్రభుత్వం (ఓటమి తర్వాత జర్మన్లతో సర్దుకుపోయిన ఫ్రెంచి ప్రభుత్వం) యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించే చట్టం చేసింది. అసాధారణ సేవలు చేసిన కొద్దిమందికి మినహాయింపు ఉండేది, బ్లోక్‌కు 1941 మొదట్లో అది దొరికింది. స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీ అప్పుడు క్లెర్మోన్ ఫెరాన్‌కు తరలిపోయి ఉంది, అక్కడ చెప్పాడు, తర్వాత భార్య ఆరోగ్యం కోసం మోంపెలియె మారాడు. 1942 నవంబర్‌లో జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌ను కూడా ఆక్రమించాక ఇక పాఠాలు లేవు. పారిస్ ఇంట్లోని ఆయన పుస్తకాలను జర్మన్లు ఎత్తుకెళ్లారు. చరిత్రకారుడికి జీవితకాలపు నోట్సు పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా.

అమెరికా వెళ్లిపోవచ్చు కదా?

న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ ఆహ్వానించింది. కానీ కుటుంబం అందరికీ వీసాలు కావాలి, ముసలి తల్లికీ పెద్ద పిల్లలకీ దొరకడం కష్టమైంది. వాళ్లను వదిలి వెళ్లడానికి ఆయన ఒప్పుకోలేదు. అవకాశం అలా చేజారిపోయింది.

ఫెవ్ర్‌తో పత్రిక విషయంలో గొడవపడ్డాడా?

పడ్డాడు, చాలా బాధాకరమైన గొడవ. ఆక్రమిత పారిస్‌లో పత్రిక నడవాలంటే యూదు యజమాని పేరు ఉండకూడదు. బ్లోక్ తప్పుకుంటే పత్రిక బతుకుతుందని ఫెవ్ర్ వాదన. తప్పుకోవడమంటే లొంగిపోవడమేనని మొదట బ్లోక్ వాదన. 1941లో చివరికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత తమ పల్లె ఇల్లు ఉన్న ఊరి పేరు మీద 'మార్క్ ఫుజెర్' అనే కలం పేరుతో రాస్తూనే ఉన్నాడు. ఫెవ్ర్‌ది తప్పా ఒప్పా అని ఇప్పటికీ చర్చ నడుస్తుంది. పత్రికను బతికించాలన్న తపన నాకు అర్థమవుతుంది గానీ, ఆ త్యాగాన్ని అడగకూడని మనిషిని అడిగాడన్నది నా అభిప్రాయం.

ఎలా చనిపోయాడు?

1943లో లియోన్‌లో 'ఫ్రాన్ తిరర్' అనే ప్రతిఘటన దళంలో చేరాడు. తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాళ్లతో కలిసి మారుపేర్లతో పనిచేసి, ఆ ప్రాంతపు నాయకుల్లో ఒకడయ్యాడు. 1944 మార్చి 8న అరెస్టయ్యాడు, నాజీల రహస్య పోలీసు గెస్టాపో చిత్రహింసలు పెట్టింది. జూన్ 16న, నార్మండీలో మిత్రసైన్యాలు దిగిన పది రోజులకు, లియోన్ దగ్గర సెయింట్ దిదియె ద ఫోర్మాన్ పొలాల్లో తోటి ఖైదీలతో పాటు కాల్చేశారు. రెండు వారాలు దాటగానే సిమోన్ కూడా జబ్బుతో చనిపోయింది. సమాధి మీద 'సత్యాన్ని ప్రేమించాడు' అన్న లాటిన్ మాట ఒక్కటి చాలని 1941లోనే వీలునామాలో రాసిపెట్టాడు.

## ఆయన తర్వాత

మన దేశ చరిత్రకు బ్లోక్‌తో సంబంధం ఏమైనా ఉందా?

ఉంది, అది మన గడ్డ మీదుగానే వెళ్తుంది. ఆర్.ఎస్. శర్మ 1965లో 'ఇండియన్ ఫ్యూడలిజం' పుస్తకంలో, బ్రాహ్మణులకు, గుళ్లకు ఇచ్చిన భూదానాల వల్ల రాజు అధికారం ముక్కలై, రైతు భూస్వామి కిందికి వెళ్లాడని వాదించాడు. రాగి శాసనాలు, అగ్రహారాలు అందులో కీలక ఆధారాలు. 1979లో వాల్తేరులో జరిగిన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌లో హర్బన్స్ ముఖియా "భారత చరిత్రలో ఫ్యూడలిజం ఉందా?" అని అడిగాడు. యూరప్‌లో భూస్వామి రైతు శ్రమను నేరుగా పట్టి ఉంచాడు, ఇక్కడ రైతు తన సేద్యం తానే చేసుకున్నాడు, కాబట్టి అదే పేరు పెట్టలేం అని ఆయన వాదన. ఈ చర్చ ఏళ్ల తరబడి నడిచింది. ఇందులో పోలిక సరిగ్గా అర్థం కావాలంటే యూరప్ ఫ్యూడలిజాన్ని బ్లోక్ ఎలా వర్ణించాడో తెలిసి ఉండాలి. నెట్ పరీక్షకు చదివేవాళ్లు శర్మ, ముఖియా పేర్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటారు, ఆ పోలికకు అవతలి వైపు కూడా చదవండి.

ఆయన చెప్పిందంతా ఇప్పటికీ సరైనదేనా?

కాదు. 1974లో ఎలిజబెత్ బ్రౌన్, 1994లో సూసన్ రేనాల్డ్స్ అసలు ఫ్యూడలిజం అనే చట్రమే తర్వాతివాళ్లు కట్టింది, అది ఆధారాలను వంచుతుందని గట్టిగా వాదించారు. స్త్రీల గురించి బ్లోక్ రాసింది తక్కువ. నాగళ్ల గురించి ఆయన చెప్పినదాన్ని పురావస్తు తవ్వకాలు చాలాచోట్ల సవరించాయి. మారనిది ఆయన ప్రశ్న అడిగే తీరు. ఆధారం తనంతట తాను మాట్లాడదు, సరైన ప్రశ్న వేస్తేనే మాట్లాడుతుంది అన్న సంగతి.

ఫ్రాన్స్ ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకుంది?

బెర్లిన్‌లో 1992లో పెట్టిన ఫ్రెంచి–జర్మన్ పరిశోధన కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూనివర్సిటీల్లో ఒకటి 1998 నుంచి 2009లో విలీనం అయ్యేదాకా ఆయన పేరు మీదే ఉంది. దేశం గౌరవించే మహనీయుల సమాధి మందిరం పాంతియోన్‌లోకి ఆయన్ను చేరుస్తామని 2024 నవంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోనే అధ్యక్షుడు మాక్రోన్ ప్రకటించాడు.

ఫ్రెంచి రాదు. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ముఖ్యమైనవన్నీ ఇంగ్లీష్‌లో ఉన్నాయి. చాలామంది 'ది హిస్టోరియన్స్ క్రాఫ్ట్' చెబుతారు. చరిత్ర వల్ల ఉపయోగం ఏమిటి నాన్నా అని ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది, యుద్ధకాలంలో గ్రంథాలయం అందుబాటులో లేకుండా రాసినది, పూర్తి కాలేదు, 1949లో ఫెవ్ర్ అచ్చు వేయించాడు. మంచి పుస్తకమే. కానీ నేనైతే ముందు నీటి మరల వ్యాసం చదవమంటాను, 'ల్యాండ్ అండ్ వర్క్ ఇన్ మిడీవల్ యూరప్' అనే సంకలనంలో ఉంది. ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది, ఆయన పని తీరు మొత్తం అందులో కనిపిస్తుంది. తర్వాత 'ది రాయల్ టచ్'లో మీకు ఆసక్తి ఉన్న అధ్యాయాలు. 'ఫ్యూడల్ సొసైటీ' మొదటి భాగాన్ని మాత్రం పటం పక్కన పెట్టుకుని నెమ్మదిగా చదవండి, పేర్లు కొత్తగా ఉన్నాయని టెన్షన్ పడకండి, రెండో అధ్యాయం దాటాక అలవాటైపోతాయి.